నవ్వాడా?

మొన్న గుడివాడ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు. మొదటి పేజీలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నాలుగో పేజీకి వచ్చేసరికి వంకర్లు తిరిగిపోయాయి. రాస్తూ రాస్తూ మధ్యలో పిల్లాడి కోసం ఎన్నిసార్లు లేచి వెళ్లిందో ఆ తల్లి!

ఏడేళ్ల కొడుకు. ఆటిజం ఉంది. దాంతోపాటు ఏడీహెచ్‌డీ కూడా ఉందన్నారట. ఎనిమిది నెలల్లో మూడుసార్లు మందు మారింది. "మారిన ప్రతిసారీ నా బిడ్డ మీద ప్రయోగం చేస్తున్నట్టే ఉందండీ. ఇంట్లో అందరూ మానేయమంటున్నారు. మానేస్తే ఏమవుతుందోనని ఒక భయం, ఇస్తే ఏమవుతుందోనని ఇంకో భయం. మీరైతే ఏం చేస్తారు?" అని అడిగింది.

చెల్లెమ్మా, నేను డాక్టర్ని కాదు. బందరులో ఉండే ఒక అమ్మని. నీలాంటి అమ్మనే. నేనేం చేశానో చెబుతాను. అందులో ఒక పెద్ద తప్పు కూడా ఉంది. దాన్నీ దాచను.

ఒక పిల్లాడు, రెండు పేర్లు

మావాడికి ఇప్పుడు పన్నెండేళ్లు. నడక పదో నెలకే వచ్చింది. మాట నాలుగో ఏడు నిండాక గానీ రాలేదు. పిలిస్తే పలికేవాడు కాదు. కానీ ఒక్కచోట నిలిచేవాడూ కాదు. అన్నం పళ్లెం ముందు మూడు ముద్దలు తినేలోపు పదిసార్లు లేచేవాడు. ఒక డాక్టరుగారు ఆటిజం అన్నారు. ఇంకొకరు ఏడీహెచ్‌డీ అన్నారు. రెండిట్లో ఏది నిజమో తేలక ఏడాది తిరిగాం.

రెండూ నిజమేనని తర్వాత తెలిసింది. అందులో ఆ డాక్టర్ల తప్పేమీ లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే 'డీఎస్‌ఎం' అనే పుస్తకం ఉంది. జబ్బులకి పేర్లు పెట్టడానికి చాలా దేశాల డాక్టర్లు దాన్నే చూస్తారు. ఆటిజం ఉన్న పిల్లలకి ఏడీహెచ్‌డీ అని విడిగా పేరు పెట్టకూడదని అందులో ఒక నియమం ఉండేది. 2013లో వచ్చిన ఐదో కూర్పులో దాన్ని తీసేశారు. అంతకు ముందు చదువుకున్నవాళ్లకి ఆ అలవాటు పోవడానికి టైము పట్టింది, అంతే.

ఇంకో సంగతి మొదట్లోనే తెలుసుకుంటే మంచిది. ఆటిజానికి మందు లేదు. మాట రప్పించే మాత్ర లేదు, కళ్లలోకి చూసేలా చేసే టానిక్కు లేదు. ఎవరైనా ఉందని చెబితే డబ్బు సంచి జాగ్రత్త! మాటకి స్పీచ్ థెరపీ, చేతి పనులకి ఆక్యుపేషనల్ థెరపీ, మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలు, ఇంట్లో మన ఓపిక, ఇవే దారి. మందులిచ్చేది నిలకడ లేకపోవడానికి, నిద్ర పట్టకపోవడానికి, తన చెయ్యి తనే కొరుక్కునేంత చిరాకుకి. ఆ ఇబ్బందులు తగ్గితే పిల్లాడు నేర్చుకోవడానికి కూర్చోగలుగుతాడు.

ఆదివారం చెప్పిన నిజం

మావాడికి ఆరేళ్లప్పుడు మొదటిసారి ఇచ్చింది మిథైల్‌ఫెనిడేట్. పాత మందే. 1944లో స్విట్జర్లాండులో లియాండ్రో పనిజోన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. ఆయన భార్య ముద్దుపేరు రీటా. ఆవిడ పేరు మీదుగానే దానికి రిటాలిన్ అని పేరొచ్చింది. "మీవాడి బండికి ఇంజను గట్టిదేనమ్మా. బ్రేకు మీదికి కాలు అందడం లేదు. ఈ మందు కాలు అందేలా చేస్తుంది" అన్నారు బెజవాడ డాక్టరుగారు.

వారం తిరక్కుండా తేడా కనిపించింది. బళ్లో పొద్దుటి పూట కూర్చుంటున్నాడు. కానీ మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక ఒకటే ఏడుపు, కేకలు. పక్క పిల్లల్ని తోసేయడం. టీచరమ్మ రోజూ ఫోను. అన్నాలప్పుడు హాల్లో గోల ఎక్కువ కదా, అందుకే అనుకున్నాను. ఏ పిల్లాడో ఏడిపిస్తున్నాడనుకున్నాను. మా అత్తయ్య దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేశారు.

డాక్టరుగారు ఒక్కటే అడిగారు. "ఏ టైముకి మొదలవుతుందో రాశారా?" రాయలేదు. ఆ సాయంత్రమే కోనేరు సెంటర్లో రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నాను. స్కేలుతో గీతలు కొట్టాను. మాత్ర వేసిన టైము, తిండి, నిద్ర, బడి, గొడవ ఎన్నింటికి, ఎంతసేపు. రోజుకి ఒక వరుస.

రెండు వారాలయ్యాక చూస్తే విషయం బయటపడింది. బడిలేని ఆదివారం కూడా, ఇంట్లో ఎవరూ పలకరించకపోయినా, సరిగ్గా పన్నెండూ పన్నెండున్నర మధ్యే గొడవ. బళ్లో గోల లేదు, ఏడిపించే పిల్లాడు లేడు, దిష్టి పెట్టేవాళ్లూ లేరు. పొద్దున ఎనిమిదింటికి వేసిన మాత్ర పనిచేసేది దాదాపు నాలుగు గంటలే. అది దిగిపోయేటప్పుడు కొందరు పిల్లలకి ఒక్కసారిగా చిరాకు ముంచుకొస్తుందట. అదే మందులో నెమ్మదిగా కరిగే రకానికి మార్చారు. ఎక్కువ గంటలు పనిచేస్తుంది. మధ్యాహ్నం ఏడుపు చాలావరకు ఆగిపోయింది.

అది మాకు మొదటి మార్పు. మందు అదే, రకం మారింది. నోటుబుక్కు లేకపోతే బడి మార్చేసేవాళ్లం.

కనుమ రోజు నేను చేసిన తప్పు

అయితే ఈ మందుతో ఆకలి చచ్చిపోతుంది. పొద్దున మాత్రకి ముందే కడుపు నిండా పెట్టాలి, మళ్లీ రాత్రి ఎనిమిదింటికి ఆకలేస్తే విసుక్కోకుండా వడ్డించాలి. మాకది అలవాటైంది. చూసేవాళ్లకి కాదు.

మా పుట్టిల్లు దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఒక పల్లెటూరు. మావాడికి ఏడేళ్లప్పుడు సంక్రాంతికి వెళ్లాం. అమ్మ అరిసెలు, పోకుండలు, సున్నుండలు చేసి డబ్బాలకెత్తింది. మనవడు ఒక్కటీ ముట్టలేదు. "ఏమే అమ్మాయ్, పండగ పూట కూడా పిల్లాడికి ఆ బిళ్లలేనా? ఎముకలు తేలిపోయాడు, కళ్లకి కనబడట్లా?" అంది. మా పెద్దమ్మ ఇంకో అడుగు వేసింది. "అది మత్తుమందుట గదే. మందుల షాపతను చెప్పాడు."

ఆ మాటకి మూలం ఉంది. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం జాబితాలో ఉంది. అందుకే ప్రతి షాపులోనూ దొరకదు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. దాన్ని పాడు పనులకి వాడేవాళ్లు ఉంటారు కాబట్టి ఆ కాపలా. డాక్టరు చూసి, కొలిచి ఇచ్చిన డోసుకి ఆ పేరు అంటదు. ఇప్పుడైతే ఇలా చెప్పగలను. ఆ రోజు నోరు పెగల్లేదు. నాకూ పిల్లాడు చిక్కిపోయాడనే ఉంది మరి. పండగ మూడు రోజులే కదా అని మాత్ర ఆపేశాను. డాక్టరుగారికి ఫోను కూడా చేయలేదు.

భోగి నాడు అరిసెలు తిన్నాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. కనుమ పొద్దున ఊరంతా పశువుల్ని కడిగే హడావుడిలో ఉంది. నేను వంటింట్లో గారెల పప్పు రుబ్బుతున్నాను. అన్నయ్య పిల్లలతో వాకిట్లో ఆడుకుంటున్నాడనుకున్నాను. ఐదు నిమిషాలు. అంతే.

చెరువు రేవులో ఎడ్లని కడుగుతున్న ఒక రైతు చూశాడు కాబట్టి సరిపోయింది. మావాడు మెట్లన్నీ దిగి నడుం లోతు నీళ్లలో నిలబడి, నీటి మీద ఎండ మెరుపుల్ని చేత్తో పట్టుకోబోతున్నాడట. ఇంకో రెండడుగులు వేస్తే లోతు. ఆయన తడిబట్టలతోనే భుజాన వేసుకుని తీసుకొచ్చాడు. "పిల్లాడు నీళ్లకి భయపడ్డంలేదమ్మా, కనిపెట్టుకుని ఉండు" అన్నాడు.

మాత్ర వేసి ఉంటే వెళ్లేవాడు కాదని నేను అనను. అది ఎవరూ చెప్పలేరు. మెరిసే నీళ్లంటే వాడికి ఎప్పుడూ ఇష్టమే. కానీ మాత్ర ఆపినప్పుడు కాపలా పెంచాలని నాకు తట్టలేదు. కొందరు పిల్లలకి డాక్టర్లే సెలవుల్లో ఈ మందుకి విరామం ఇస్తారు, బరువు పుంజుకోవడానికి. అది వాళ్లు ఆలోచించి, జాగ్రత్తలు చెప్పి ఇచ్చేది. నేను చేసింది అది కాదు. చుట్టాలకి సమాధానం చెప్పలేక చేశాను.

మన కృష్ణా డెల్టాలో ఏ ఊళ్లో చూసినా కాలవో, చెరువో, మురుగు కోడో ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లలు చెప్పకుండా వెళ్లిపోవడం, నీళ్ల వైపు వెళ్లడం ప్రపంచమంతటా ఉన్న ప్రమాదం. ఆ రోజు నుంచి మా గేటుకి గంట ఉంది. వాడి చొక్కా లోపలి వైపు మా ఫోను నెంబరు కుట్టి ఉంది. వీధి చివర టీ కొట్టాయనకి కూడా వాడెవరో తెలుసు. పదో ఏట ఈత నేర్పించాం.

ఖాళీగా ఉన్న గడి

ఎనిమిదో ఏట ఇంకో కష్టం. చిరాకు ఎక్కువైంది. తలని గోడకేసి కొట్టుకోవడం, ముంజేతిని కొరుక్కోవడం. రాత్రి రెండింటికి లేచి కూర్చోవడం. మొదట కడుపునొప్పి, పళ్లు, చెవి అన్నీ చూశారు. మాట సరిగా చెప్పలేని పిల్లాడు నొప్పిని కూడా అలాగే చెబుతాడు కదా! అవేవీ లేవని తేలాక రాత్రిపూట చిన్న డోసు రిస్పెరిడోన్ మొదలుపెట్టారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇలాంటి తీవ్రమైన చిరాకుకి అమెరికా మందుల సంస్థ 2006లో అనుమతించిన మందు అది.

నిద్ర పట్టింది. కొరుక్కోవడం తగ్గింది. ఇంకాస్త తగ్గాలని డోసు పెంచారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. టీచరమ్మ ఫోను చేసి "చాలా బుద్ధిమంతుడయ్యాడండీ!" అంది. అత్తయ్య దేవుడికి కొబ్బరికాయ కొట్టారు. నేనూ ఎన్నాళ్లకో మధ్యాహ్నం ఒక కునుకు తీశాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఆయనకి ఉద్యోగం మీ గుడివాడలోనే. రోజూ బందరు నుంచి రైల్లో వెళ్లొస్తారు. మావాడికి ఆ దారిలో స్టేషన్లన్నీ కంఠతా వచ్చు. చిలకలపూడి, పెడన, వడ్లమన్నాడు, కవుతరం, గుడ్లవల్లేరు, నూజెళ్ల, గుడివాడ. సాయంత్రం నాన్న గుమ్మంలోకి రాగానే అప్పజెప్పాలి. వడ్లమన్నాడు దగ్గర ఆగుతాడు. "వడ్లు అమ్మన్నాడా? ఎవడ్రా అమ్మన్నాడు?" అని వాళ్ల నాన్న అడగాలి. అప్పుడు పడీ పడీ నవ్వుతాడు. రోజూ అదే జోకు, రోజూ అదే నవ్వు.

నోటుబుక్కులో చివరి గడి డాక్టరుగారు పెట్టించింది. పైన "నవ్వాడా?" అని రాయించారు. నాకప్పుడు అది సరదా అనుకున్నాను. డోసు పెంచిన మూడో వారం రాత్రి పుస్తకం తిరగేస్తుంటే గుండె ఝల్లుమంది. నిద్ర గడిలో టిక్కు, గొడవ గడిలో సున్నా, బడి గడిలో టిక్కు. నవ్వు గడి తొమ్మిది రోజులుగా ఖాళీ! వడ్లమన్నాడు దగ్గర ఆగడం మానేశాడు. అసలు స్టేషన్లు చెప్పడమే మానేశాడు. గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటున్నాడు. మేం గమనించలేదు. ఇంట్లో గొడవ లేదు కదా అని మురిసిపోతున్నాం.

బరువు కూడా చూశాం. నాలుగు నెలల్లో ఐదు కిలోలు పెరిగాడు. ఎప్పుడూ ఆకలే. మిథైల్‌ఫెనిడేట్ ఆకలి చంపితే, ఇది ఆకలి పెంచుతుంది.

పుస్తకం పట్టుకుని బెజవాడ వెళ్లాను. నాకు తిట్లు పడతాయనుకున్నాను. డాక్టరుగారు తొమ్మిది ఖాళీ గడుల మీద వేలు పెట్టి, "ఇది చాలమ్మా" అన్నారు. డోసు తగ్గించారు. కొన్ని వారాల తర్వాత, పాతది కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ, అరిపిప్రజోల్‌కి మార్చారు. ఇదే ఇబ్బందికి అమెరికాలో 2009లో అనుమతి పొందిన మందు అది. మారుతున్న ఆ ఆరు వారాలూ నరకం. మళ్లీ కేకలు, మళ్లీ రాత్రి జాగారాలు. పాతదే మేలు అని రెండుసార్లు అనిపించింది. పుస్తకం చూస్తే వారం వారానికీ గొడవ నిమిషాలు తగ్గుతున్నాయి. అందుకని పట్టు వదల్లేదు.

ప్రయోగమా, వెతుకులాటా?

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను చెల్లెమ్మా. 2005లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఆటిజం కోవకి చెందిన ఇబ్బందులు, నిలకడలేనితనం రెండూ ఉన్న 72 మంది పిల్లలకి మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చి చూశారు. 35 మందికి, అంటే సగానికి కాస్త తక్కువ మందికి, గుణం కనిపించింది. 13 మందికి పడకపోవడంతో ఆపేయాల్సి వచ్చింది. ఆటిజం లేకుండా ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్న పిల్లల్లో దీనికి గుణం కనిపించేవాళ్లు ఇంతకంటే చాలా ఎక్కువ.

అంటే మన పిల్లలకి ఏ మందు సరిపడుతుందో ముందే చెప్పే పరీక్ష ఏదీ లేదు. చెప్పుల షాపులో పాదం కొలిచినట్టు కొలవలేరు. తక్కువలో మొదలుపెట్టి, చూసి, మార్చాల్సిందే. మందు మారితే డాక్టరు ఓడిపోయినట్టూ కాదు, నువ్వు ఓడిపోయినట్టూ కాదు. అయితే చూసేవాళ్లు లేకపోతే మాత్రం అది నిజంగానే చీకట్లో రాయి విసరడం. డాక్టరు చూసేది నెలకి పావుగంట. మిగతా అంతా చూసేది నువ్వే.

అందుకే నోటుబుక్కు పెట్టు. ఒక్కసారికి ఒక్కటే మార్చు. మందు మారిన వారంలోనే కొత్త ట్యూషను, కొత్త థెరపీ మొదలుపెడితే దేనివల్ల ఏం జరిగిందో దేవుడికి కూడా తెలియదు. కొత్త మందుకి ఎన్నాళ్లు ఆగి చూడాలో డాక్టర్ని ముందే అడుగు. మిథైల్‌ఫెనిడేట్ సంగతి రోజుల్లో తెలుస్తుంది. అటోమాక్సెటిన్ అనే మందైతే పూర్తి గుణం చూపడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నెలకోసారి బరువు, అప్పుడప్పుడు ఎత్తు, నాడి, బీపీ చూపించు.

నీ అంతట నువ్వు హఠాత్తుగా మాత్రం ఆపకు. రిస్పెరిడోన్ లాంటివి ఒక్కసారిగా మానేస్తే నిద్ర పోతుంది, చిరాకు తిరగబడుతుంది. క్లోనిడిన్ అనే మందు హఠాత్తుగా ఆపితే బీపీ ప్రమాదకరంగా పెరగొచ్చు. కొత్త మందు మొదలుపెట్టాక మెడ పట్టేసినట్టు పక్కకి తిరిగిపోవడం, గట్టి జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం, చచ్చిపోతానన్న మాటలు, ఇవి కనిపిస్తే మళ్లీ అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో పదిహేను రోజుల మాత్రలు అదనంగా ఉంచుకో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు బెజవాడని ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పరవళ్లు తొక్కినప్పుడు, మా డబ్బాలో మూడు రోజుల మాత్రలే ఉన్నాయి. ఆ వారమే మా అపాయింట్‌మెంట్. వెళ్లే వీలు లేదు. డాక్టరుగారు ఫోన్లో ధైర్యం చెప్పబట్టి గట్టెక్కాం.

ఇంకొకటి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. సర్టిఫికెట్టు తీసుకో. మచ్చ పడుతుందని భయపడకు. బళ్లో మాత్ర వేయడానికి, పరీక్షలో కాస్త ఎక్కువ టైము అడగడానికి అదే ఆధారం.

ఇంట్లోవాళ్లతో పోట్లాడకు. మా అమ్మకి నేను వాదించి చెప్పిందేదీ ఎక్కలేదు. ఒక వేసవిలో నోటుబుక్కు చేతికిచ్చి, "ఈ నెల నువ్వు రాయవే అమ్మా" అన్నాను. ఇప్పుడు మాత్ర వేళ దాటితే ముందు కేకేసేది అమ్మమ్మే!

ఆఖరి గడి మాత్రం మర్చిపోకు. మందు పనిచేస్తోందా అని అడిగితే మనం వెంటనే చెప్పేది మన సంగతి. గొడవ తగ్గింది, టీచరు ఫోను చేయట్లేదు, మాకు నిద్ర పడుతోంది అని. అవీ కావాలి, కాదనను. కానీ ఆ మాత్ర మింగుతున్నది వాడు. వాడికి హాయిగా ఉందా లేదా అని కూడా చూడాలి కదా.

అరిపిప్రజోల్‌కి మారిన ఏడో వారం. సాయంత్రం రైలు ఆలస్యం. మా ఆయన చెమటలు కక్కుతూ వచ్చి చెప్పులు విప్పుతున్నారు. లోపల్నుంచి గొంతు వినబడింది. "చిలకలపూడి... పెడన... వడ్లమన్నాడు." ఆగింది. మా ఆయన ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా అలాగే నిలబడిపోయారు. నేను కళ్లతో సైగ చేశాను, అడగమని.

"ఎవడ్రా అమ్మన్నాడు?"

ఆ రాత్రి గడిలో టిక్కు పెట్టలేదు నేను. "నవ్వాడు" అని పూర్తిగా రాశాను.